ఏది ముందు చదువవలెను?

ఒక రచయిత ఒకే కల్పితలోకమును ఆశ్రయించి ఇరువది, ముప్పది, నలువది గ్రంథములు వ్రాసినప్పుడు, ఒక గ్రంథములోని పాత్రలు మరియొక గ్రంథములో తొంగిచూచుచు, ఒకచోట విడిచిన ప్రస్తావన పదేండ్ల తరువాత వేరొకచోట ఫలించుచు, మొత్తము మీద ఒక మహాకథాజాలము అల్లుకొనిపోయినప్పుడు, దానిని క్రొత్తగా చదువబూనిన వానికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న మిక్కిలి సామాన్యమైనది: ఏ పుస్తకము ముందు చేతబట్టవలెను? ప్రశ్న సామాన్యమే గాని సమాధానము అంత సులభముగా దొరకదు. గ్రంథాలయములో బీరువా యెదుట నిలిచి, వరుసగా పేర్చియున్న సంపుటములను ఆ కొసనుండి ఈ కొసవరకు చూచి, ఎక్కడ మొదలుపెట్టవలెనో తోచక, ఒక్కటియు తీసికొనకుండనే మరలిపోయిన యువకులను నేనెరుగుదును. ఫాంటసీ అని నేడు పిలువబడుచున్న ఈ అద్భుతకథలలో మనుష్యహృదయమును గూర్చి ఎంతో గాఢముగా వ్రాసిన మహారచయితలు కలరు. వారి గ్రంథములు ద్వారము తెలియని కారణముచేత పాఠకునకు దూరమగుట నాకు కష్టముగా తోచును.

ఈ ప్రశ్నకు లోకములో రెండు సమాధానములు ప్రచారములో ఉన్నవి. రచయిత ఏ వరుసలో గ్రంథములను ప్రకటించినాడో ఆ వరుసలోనే చదువుట ఉచితమని కొందరందురు. దీనిని ప్రచురణక్రమము అనవచ్చును. కథలోని సంఘటనలు ఏ వరుసలో జరిగినవో, అనగా తాతల కథ ముందును మనుమల కథ వెనుకను, ఆ వరుసలో చదువుట న్యాయమని మరికొందరందురు, ఇది కథాకాలక్రమము. ఉభయపక్షముల వారికిని ఉపపత్తులు లేకపోలేదు. కాని వీనిలో ఏ యొక్కదానిని సర్వత్ర వర్తించు సూత్రముగా పట్టుకొన్నను, ఎక్కడనో ఒకచోట అది మనలను మోసపుచ్చును. ఈ గ్రంథము తన పాఠకుడు ఇదివరకే ఏమేమి యెరిగియున్నాడని తలచి తన మొదటి వాక్యమును పలుకుచున్నది? మనము అడుగవలసిన ప్రశ్న ఇది యని నా దృఢమైన అభిప్రాయము. ప్రతి రచయితకును మనస్సులో ఒక శ్రోత యుండును. ఆ శ్రోత యెరిగినదానిని రచయిత మరల వివరింపడు. ఆ శ్రోత యెరుగనిదానిని దాచి, తగిన సమయము వచ్చినప్పుడు బయటపెట్టును. మనము ఆ శ్రోతకంటె తక్కువ యెరిగినను, ఎక్కువ యెరిగినను, కథలో కొంత భాగము మనకు దక్కకుండ పోవును.

ఉదాహరణమునకు సి. ఎస్. లూయిస్ 1950 మొదలు 1956 వరకు ఏటికొకటి చొప్పున ప్రకటించిన ఏడు నార్నియా కథలను తీసికొందము. మొదట వెలువడినది ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’. యుద్ధకాలమున లండను నగరమును విడిచి, పల్లెలో ఒక వృద్ధాచార్యుని యింట తలదాచుకొన్న నలుగురు పిల్లలలో కడపటిదైన లూసీ, ఇల్లంతయు చూచుచు తిరిగి, ఖాళీగదిలో ఒంటరిగా నిలిచియున్న పెద్ద బట్టల బీరువాలో దూరును. లోపల బొచ్చుకోట్లు వరుసగా వ్రేలాడుచుండును. వెనుకనున్న చెక్క చేతికి తగులునేమోయని ఆమె చేతులు చాచుకొని ముందునకు నడచును. చెక్క ఎంతకును తగులదు. కాలిక్రింద ఏదో కరకరలాడగా, కలరా ఉండలేమోయని వంగి తడవును. అది చల్లని మంచు. కోట్ల మెత్తదనము పోయి ముఖమునకు చెట్లకొమ్మలు గరుకుగా తగులును. తలయెత్తి చూడగా అడవి నడుమ వెలుగుచున్న వీధిదీపము. అడవిలో వీధిదీపమేమి యన్న ఆశ్చర్యము లూసీకి ఎంతటిదో మనకును అంతటిదే, ఏలయన ఆ క్షణమున ఆమె యెరిగినదానికంటె మనము యెరిగినది ఏమియు లేదు.

అయిదేండ్ల పిదప, 1955లో, లూయిస్ ఆ లోకము పుట్టిన కథను ‘ది మెజిషియన్స్ నెఫ్యూ’ అను పేరుతో ప్రకటించినాడు. జేడిస్ అను మాంత్రికురాలు లండను వీధిలోని దీపస్తంభమునుండి ఒక ఇనుపకడ్డీని పెరికి, అప్పుడే సృష్టియగుచున్న నార్నియాలోనికి దానితోనే వచ్చి, పాట పాడుచు లోకమును సృజించుచున్న సింహముపై విసరగా, అది సింహమునకు తగిలి జారి, ఏది పడినను మొలకెత్తెడి ఆ తొలినాటి మట్టిలో పాతుకొని, దీపస్తంభమై పెరుగును. ఆ లోకపు పండు విత్తనము లండను పెరటిలో చెట్టై, ఏండ్ల తరువాత గాలివానకు కూలగా, దాని కలపతోనే ఆ బీరువా చేయబడును. అయిదు కథలు చదివివచ్చినవానికి ఇవి యెంతటి ఆనందము కలిగించునో చెప్పనలవి కాదు. అయిదేండ్లనాటి చిక్కుముడి ఒక్కసారిగా విడిపోవును. కథాకాలక్రమమును పాటించి దీనినే ముందు చదివినవానికి దీపస్తంభము మొలకెత్తుట ఒక వింతగా మాత్రమే కనబడును; తరువాత లూసీ అడవిలో దీపమును చూచి నివ్వెరపోయినప్పుడు, అతడు ఆమెతోపాటు నివ్వెరపోలేడు.

ఈ విషయములో రచయిత మాటనే ప్రమాణముగా చూపువారు కలరు. 1957లో ఒక అమెరికను బాలుడు, తన తల్లి ప్రచురణక్రమమే మేలనుచున్నదనియు తనకు కథాకాలక్రమము ఇష్టమనియు లూయిస్‌కు జాబు వ్రాయగా, ఆయన బాలుని పక్షమునకే మొగ్గుచూపి, ఏ వరుసలో చదివినను అంతగా బాధలేదని కూడ చేర్చినాడు. 1994లో హార్పర్‌కాలిన్స్ ప్రచురణసంస్థ సంపుటముల అంకెలను ఆ ప్రకారమే మార్చివేసినది. నేడు దుకాణములలో మనకు దొరకు ప్రతులలో ‘ది మెజిషియన్స్ నెఫ్యూ’ మొదటిదిగా కనబడుటకు కారణమిదియే. నేను ఆ మహానుభావుని మాటను తృణీకరించువాడను కాను. కాని రచయిత జాబుకంటె రచయిత గ్రంథము బలవత్తరమైన సాక్ష్యము. సింహము పేరు మొట్టమొదట ఉచ్చరింపబడినప్పుడు, ఆ పిల్లలకు అది యెవరో తెలియదనియు, చదువుచున్న మీకును తెలియదనియు ఆయనయే కథలో స్పష్టముగా వ్రాసినాడు. సృష్టికథ తొలి పుటలోనో, మన లోకమునకును నార్నియాకును రాకపోకలు ఎట్లు మొదలైనవో చెప్పు కథ గనుక ఇది ముఖ్యమైనదనుచు, నార్నియా యనగా నేమో యెరిగిన పాఠకునితో మాటలాడుచున్నాడు. ఈ రెండు స్థలములను చదివిన పిదప, ఏది ముందను విషయమున నాకు సంశయము మిగులలేదు.

ఇంతవరకు విని, అయినచో ప్రచురణక్రమమే సిద్ధాంతమని మీరు నిశ్చయించుకొనవచ్చును. అందుకు మన యింటిలోనే ప్రత్యుదాహరణము కలదు. ఆంధ్రమహాభారతమును నన్నయ పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున ఆరంభించి, ఆది సభాపర్వములను ముగించి, అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసము నడుమ విడిచినాడు. పదుమూడవ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను రచించినాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును పూరించినవాడు పదునాల్గవ శతాబ్దమువాడైన ఎఱ్ఱాప్రగడ. అనగా రచన జరిగిన వరుస నన్నయ, తిక్కన, ఎఱ్ఱన. కథ నడచు వరుస నన్నయ, ఎఱ్ఱన, తిక్కన. రచనాక్రమమును పాటించి, పాండవులను అరణ్యమధ్యమున విడిచి, విరాటుని కొలువు మొదలు స్వర్గారోహణమువరకు చదివి, ఆ పిదప వెనుకకు మరలి అరణ్యపర్వశేషమును చదివినవాడు తెలుగునాట ఒక్కడైనను ఉన్నాడని నేను వినలేదు.

ఇట్లు ఎందుకు జరిగినది? ఇది మన అలవాటు మాత్రమే కాదు. ఎఱ్ఱన మనలనట్లు చదువుమని తన పద్యముల నిర్మాణముచేతనే ఆదేశించినాడు. నన్నయ చివరి పద్యములలో శరత్కాలరాత్రులు వర్ణింపబడియున్నవి; ఎఱ్ఱన అందుకొన్నచోట ఆ శరత్తులోనే అరుణోదయమగును. ఒక కవి రాత్రియందు నిలిపిన కథకు మరియొక కవి మూడుశతాబ్దములకు దగ్గరగా గడచిన పిదప తెల్లవారజేసినాడు. అతుకు ఎక్కడనో వ్రేలు పెట్టి చూపుట ఎవరికైనను కష్టము. తన భాగమును తన పేరిట గాక నన్నయ రచించినట్లుగానే రాజరాజునకు అంకితము చేసినాడు. ఆరంభమున నన్నయ నడకను, పోనుపోను తిక్కన నడకను అవలంబించినాడని పెద్దలు చెప్పుదురు. నన్నయను ఇప్పుడే ముగించి, తిక్కనను ఇక తెరువబోవుచున్న పాఠకుడు ఎఱ్ఱన మనస్సులో ఉన్నాడు. లూయిస్ సృష్టికథ వ్రాయునప్పుడు ఆయన మనస్సులోని పాఠకుడు అయిదు కథలు చదివివచ్చినవాడు. ఇద్దరును వెనుకటి కథనే తరువాత వ్రాసినారు. అయినను ఒకరి గ్రంథమును కథ నడచు వరుసలోను, మరియొకరి గ్రంథమును ప్రచురింపబడిన వరుసలోను చదువుట ఉచితమగుట, వారు తలచుకొన్న పాఠకులు వేరగుటచేతనే.

టోల్కీన్ విషయము శీఘ్రముగా చెప్పి ముందుకు పోయెదను. 1937లో వెలువడిన ‘ది హాబిట్’ ముందు, 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తరువాత, రచయిత మరణానంతరము 1977లో కుమారుడు ప్రకటించిన ‘ది సిల్మరిలియన్’ చివర. అందలి వృత్తాంతములు తక్కినవానికంటె వేలయేండ్ల పూర్వపువైనను వరుస ఇదియే. ఇందులో ఒక విశేషము మాత్రము వినదగినది. ‘ది హాబిట్’ మొదటి ముద్రణములో గాలమ్ అనువాడు పొడుపుకథల పందెములో ఓడి, ఉంగరమును ఇచ్చుటకు తానే సిద్ధపడి, స్నేహముగానే వీడ్కోలు పలుకును. పెద్దకథ వ్రాయుచుండగా ఆ ఉంగరము ఎవరును స్వేచ్ఛగా వదులుకొనలేని ఘోరవస్తువుగా పరిణమించుటచేత, రచయిత 1951లో ఆ అధ్యాయమును తిరిగి వ్రాసి, వెనుకటి కథనమును కథానాయకుడైన బిల్బో చెప్పిన అసత్యముగా పెద్దకథలో సమన్వయపరచినాడు. కథాజాలము ఎంత సజీవమైనదో, తరువాతి గ్రంథము ముందటి గ్రంథమును ఎట్లు మార్చగలదో దీనివలన తెలియును.

అర్సులా లెగ్విన్ రచించిన ఎర్త్‌సీ కథలలో మరియొక ప్రమాదము పొంచియున్నది. నవలలను మాత్రమే లెక్కలోనికి తీసికొని, 2001లో వెలువడిన ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’ చిన్నకథల సంపుటమే గదా యని దాటవేయుట చాలమందికి అలవాటు. కాని అందలి ‘డ్రాగన్‌ఫ్లై’ అను కథ, 1990లో వచ్చిన ‘టెహాను’ నవలకును చివరి నవలయైన ‘ది అదర్ విండ్’కును నడుమ వంతెనగా నిర్మింపబడినది. ఆ వంతెన యెక్కనివానికి చివరి నవలలో కొందరు మనుష్యులు అపరిచితులుగానే మిగిలిపోవుదురు.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన డిస్క్‌వరల్డ్ కథాచక్రమునకు వచ్చెదను. దానికర్త టెర్రీ ప్రాచెట్ 1948లో ఇంగ్లండులో జన్మించి, చిన్ననాడే స్థానికపత్రికలో విలేకరియై, తరువాత విద్యుదుత్పాదక సంస్థలో పత్రికాసంబంధముల ఉద్యోగము చేయుచునే కథలు వ్రాయుచు, 1987లో ఉద్యోగమును విడిచి, 2015లో మరణించువరకు రచనకే జీవితమును అర్పించినవాడు. ఈ వరుసలో 1983 మొదలు 2015 వరకు వెలువడిన నవలలు 41. అతని లోకము పళ్ళెమువలె చదునైనది; నాలుగు ఏనుగులు దానిని మోయును; ఆ ఏనుగులను అంతరిక్షములో ఈదుచున్న ఒక మహాకూర్మము మోయును. ఈ భావన భారతీయులదని పాశ్చాత్యులు చిరకాలముగా చెప్పుకొనుచు వచ్చినదే; అష్టదిగ్గజముల పేర్లు బాల్యమున వల్లించి, శ్రీకూర్మక్షేత్రమున స్వామిని సేవించివచ్చిన మనవారికి ఈ చిత్రము ఏమాత్రమును క్రొత్తగా తోచదు.

ఈ 41 నవలలలో చాలవరకు దేనికది ముగియు కథయే. అయినను గోదావరి ధవళేశ్వరము దాటి పాయలు పాయలుగా చీలినట్లు ఈ కథాప్రవాహము కూడ కొన్ని పాయలుగా చీలి, ఒక్కొక్క పాయ ఒక్కొక్క పాత్రసముదాయమును వెంటబెట్టుకొని సాగును. రిన్స్‌విండ్ అను పిరికి మాంత్రికునిది ఒకటి. పర్వతసీమల మంత్రగత్తెలది ఒకటి. ఆంఖ్-మోర్పోర్క్ మహానగరపు కావలిభటులది ఒకటి. మృత్యుదేవతదియు ఆయన మనుమరాలిదియు ఒకటి. టిఫనీ అను బాలికది ఒకటి. ఇవి గాక విడిగా నిలిచిన నవలలు కొన్ని.

ప్రచురణక్రమమునే నమ్మినవాడు 1983నాటి ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’తో ఆరంభించును. ఇచ్చట నా సలహా నిస్సంకోచముగా చెప్పెదను: తెలుగుపాఠకుడు దానితో మొదలుపెట్టరాదు. ఆ నవల అప్పటికి పాశ్చాత్యదేశములలో విరివిగా చదువబడుచుండిన ఖడ్గవీరుల, మాంత్రికుల కథలకు వినోదానుకరణము. ఆ మూలకథలను చదివి విసిగినవాడు దానికి ఉద్దిష్టపాఠకుడు. ఆ కథలే యెరుగనివానికి వినోదములో సగము చేరదు. పైగా కథ నాయకుడు లోకపు అంచునుండి జారిపోవుచుండగా ముగియును. తరువాయి భాగమునకై మూడేండ్లకు, 1986లో, వచ్చిన ‘ది లైట్ ఫెంటాస్టిక్’ను తెరువక తప్పదు. రచయితకు కూడ తన లోకము ఎట్టిదో అప్పటికి పూర్తిగా తెలియదు. నగరము ఇంకను నగరముగా నిలువలేదు, నవ్వు ఉన్నది గాని దాని వెనుకనుండవలసిన కరుణ ఇంకను రాలేదు. ఇచ్చట నిరాశపడి మిగిలిన నవలలను వదలివేసినవారు కలరు. అది వారికి తీరని నష్టము.

మొదట చదువదగినది ఎనిమిదవ నవల, 1989లో వెలువడిన ‘గార్డ్స్! గార్డ్స్!’ అని నా నమ్మకము. అది తన పాఠకుడు ఏమియు ఎరుగడని తలచియే మొదలగును. వర్షము కురియుచున్న రాత్రి, మురుగుకాలువ ప్రక్కన త్రాగిపడియున్న ఒక కావలి అధికారి మనకు కనబడును. అతడే సామ్యూల్ వైమ్స్. అతని క్రింద మిగిలినవారు ఇద్దరు ముగ్గురు. నగరములో దొంగలకే చట్టబద్ధమైన సంఘమున్నప్పుడు కావలివారితో పనియేమని అందరును వారిని విస్మరించినారు. రహస్యసంఘమొకటి విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునుండి దొంగిలించిన పుస్తకముతో ఒక మహాసర్పమును, డ్రాగన్‌ను, రప్పించును. కొండలలో మరుగుజ్జువారి యింట పెరిగిన ఆరడుగులకు మించిన అమాయకయువకుడు క్యారెట్ వచ్చి, చట్టమన్నది వ్రాసిపెట్టుకొనుటకు మాత్రమే గాక పాటించుటకని నమ్మి, ఆ నమ్మకముతో తక్కినవారిని సిగ్గుపడజేయును. కట్టకడపట నగరమును రక్షించినందుకు ఏమి బహుమానము కావలెనని పాలకుడు అడుగగా, ఆ భటులు తమలో తాము గుసగుసలాడుకొని కోరినవి మూడు: జీతములో కొంచెము పెంపుదల, టీ కాచుకొనుటకు ఒక కెటిల్, బాణములు విసరి ఆడుకొను ఒక డార్ట్‌బోర్డు. ఇంతకంటె ఎక్కువ అడుగవచ్చునన్న ఊహయే వారికి రాలేదు. ఈ ఘట్టమును చదివినవానికి ఆ రచయిత హృదయము తెలిసిపోవును. ఇక అతనిని ఎవరును ప్రోత్సహింప నక్కరలేదు.

ఆ పాయలో ‘మెన్ ఎట్ ఆర్మ్స్’, ‘ఫీట్ ఆఫ్ క్లే’, ‘జింగో’, ‘ది ఫిఫ్త్ ఎలిఫెంట్’ వరుసగా చదివి, అప్పుడు 2002నాటి ‘నైట్ వాచ్’ తెరువవలెను. ఈ యొక్క విషయములో నేను ఎవరికిని మినహాయింపు ఇవ్వను. ఆ నవల ఈ కథాచక్రమునకు శిఖరమని వినినవారు, శిఖరమునే ముందు చూడవలెనన్న తొందరచేత దానితోనే ఆరంభించుట కద్దు. అందులో వైమ్స్, అప్పటికి భార్యయు పదవియు బిరుదును సంపాదించుకొన్నవాడు, ప్రసవవేదన పడుచున్న భార్యను ఇంట విడిచి, ఒక హంతకుని వెంటాడుచు, మాంత్రికమైన తుఫానులో చిక్కి, ముప్పది సంవత్సరముల వెనుకటి కాలమునకు త్రోసివేయబడును. అచ్చట తాను యువకుడుగా ఉన్నప్పుడు తనకు గురువైనవాని స్థానమును తానే వహించి, యువకుడైన తనకే తాను విద్య చెప్పవలసివచ్చును. రాబోవు తిరుగుబాటులో ఎవరెవరు చనిపోవుదురో అతనికి పేరు పేరున తెలియును. కాలమును చెదరగొట్టినచో ఇంటిలో భార్యయు పుట్టబోవు బిడ్డయు లేకుండ పోవుదురేమోయను భయమును అతనిని పీడించును. కాలువ ప్రక్కన పడియున్న త్రాగుబోతునుండి ఇంతవరకు అతడు ఎక్కివచ్చిన మెట్లన్నియు ఎరిగినవానికి అతడు పోగొట్టుకొనబోవునది యెంతటిదో తెలియును. ఎరుగనివానికి అది చక్కని సాహసకథ మాత్రమే. ఆ పదుమూడేండ్ల పరిచయము పాఠకుని హృదయములో ఉన్నదని నమ్మియే రచయిత అనేక విషయములను ఒక్క వాక్యముతో చెప్పి ఊరకున్నాడు.

పాయలు విడివిడిగా సాగినను నడుమ నడుమ కాలువలు వానిని కలుపుచుండును. ‘నైట్ వాచ్’లో వైమ్స్‌కు తోడ్పడు చరిత్రసన్న్యాసులలో లూ-ట్జే అను చీపురు పట్టిన వృద్ధుడు అంతకుముందే 1992నాటి ‘స్మాల్ గాడ్స్’లో కనబడి, 2001నాటి ‘థీఫ్ ఆఫ్ టైమ్’లో ప్రధానపాత్రయైనాడు. కావలివారి పాయనే అంటిపెట్టుకొని వచ్చినవానికి ఈ సన్న్యాసులు అకస్మాత్తుగా ఊడిపడినట్లుండును. కనుక ‘నైట్ వాచ్’కు ముందు ఆ రెండింటిని చదువగలిగినచో మరింత మేలు. ‘స్మాల్ గాడ్స్’ను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదని ఊరకుందునా? ఒక మహాదేవుడు వృషభరూపమున అవతరింపబూని, సామాన్యమైన తాబేలై నేలమీద పడును; కారణమేమన, ఆయన పేరిట దేవాలయములును, విచారణసభలును, శిక్షలును ఉన్నవి గాని, నిజముగా ఆయనను నమ్మినవాడు తోటలో పుచ్చకాయపాదులకు గొప్పుత్రవ్వుకొను ఒక్క శిష్యుడు మాత్రమే. మతమును గూర్చి ఇంత నిర్భయముగాను ఇంత ఆర్ద్రముగాను వ్రాసిన కథలు అరుదు. పూర్వపరిచయము ఏమియు కోరని గ్రంథమగుటచేత ఏ దినమైనను, ఎవరైనను దీనిని తెరువవచ్చును. ఒక్క నవల మాత్రమే చదువుటకు తీరిక గలవారికి నేను సూచించునది ఇదియే.

మృత్యుదేవత పాయకు ‘మోర్ట్’ మొదలు. మంత్రగత్తెల పాయకు ‘ఈక్వల్ రైట్స్’ మొదటిదైనను, ముగ్గురు మంత్రగత్తెలు కలిసి వచ్చు ‘విర్డ్ సిస్టర్స్’ మేలైన ప్రవేశము, షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ చదివినవారికి మరియును. రిన్స్‌విండ్ పాయను చివరకు ఉంచుకొన్నను నష్టము లేదు.

ప్రచురణక్రమమునకు ఇచ్చట ప్రయోజనమే లేదా యన్నచో, రెండవ పఠనమున దానికి మించినది లేదు. ఏలయన ఈ లోకము ఇతర కల్పితలోకములవలె కదలక నిలిచియుండదు. దానికి వయస్సు వచ్చుచుండును. మొదటి నవలలలో మధ్యయుగపు నగరముగా ఉన్న ఆంఖ్-మోర్పోర్క్‌నకు 1999లో వెలువడిన ‘ది ఫిఫ్త్ ఎలిఫెంట్’ నాటికి గోపురములపైనుండి సంకేతములతో వార్తలు పంపు క్లాక్స్ యంత్రములు వచ్చినవి, 2000నాటి ‘ది ట్రూత్’లో అచ్చుయంత్రమును వార్తాపత్రికయు వచ్చినవి, 2004నాటి ‘గోయింగ్ పోస్టల్’లో పాడుబడిన తపాలా కార్యాలయము తిరిగి తెరువబడినది, 2013నాటి ‘రెయిజింగ్ స్టీమ్’లో రైలుబండి నడచినది. పాయల వెంట తిరిగినవానికి ఈ మార్పులు ముక్కలు ముక్కలుగా తెలియును. రెండవమారు ప్రచురణక్రమమున చదివినవానికి ఒక నాగరికత తన కన్నులయెదుట ఎదుగుచున్నట్లు కనబడును. విలేకరిగా జీవితమారంభించిన రచయిత పత్రిక పుట్టుకను ఎంత మక్కువతో వ్రాసినాడో కూడ అప్పుడు స్ఫురించును.

పిల్లల విషయము ఒక్కటి మిగిలినది. పది పండ్రెండేండ్లవారికి 2003నాటి ‘ది వీ ఫ్రీ మెన్’ చేతికియ్యవచ్చును. తొమ్మిదేండ్ల టిఫనీ యేటిలో కనబడిన జలరాక్షసిని చూచి పారిపోక, ఇంటికి పోయి గ్రంథములో దానిని గూర్చి చదివి, వంటింటి ఇనుపపెనము తెచ్చి, తమ్మునినే ఎరగా ఒడ్డున కూర్చుండబెట్టి, అది పైకి లేచినంతనే కొట్టును. ఇట్టి బాలికను ఏ పిల్లలు ప్రేమింపరు? ఆ తరువాత ‘ఎ హ్యాట్ ఫుల్ ఆఫ్ స్కై’, ‘వింటర్‌స్మిత్’, ‘ఐ షల్ వేర్ మిడ్‌నైట్’ వరుసగా వచ్చును. బాలిక పెరిగినకొలది కథయు బరువెక్కును గనుక పిల్లల వయస్సుతోపాటు సాగనిచ్చుట మేలు. ఈ పాయలో అయిదవదియు మొత్తము చక్రములో 41వదియునైన ‘ది షెపర్డ్స్ క్రౌన్’ రచయిత మరణించిన కొన్ని నెలలకు, 2015లో, వెలువడినది. దానిని మాత్రము టిఫనీ కథలు నాలుగును, మంత్రగత్తెల నవలలు ఆరును ముగించిన పిదపనే తెరువుడని పెద్దలకును పిల్లలకును గట్టిగా చెప్పుచున్నాను. గ్రంథారంభముననే ఒక పాత్ర లోకమునుండి నిష్క్రమించును. పేరు చెప్పను. 1987నుండి ఆ పాత్రను ఎరిగినవారిని ఉద్దేశించియే ఆ అధ్యాయములు వ్రాయబడినవి. వ్యాధిగ్రస్తుడైయుండి కూడ రచయిత వానిని ఎంత నిబ్బరముతో వ్రాసినాడో, ఆ పది గ్రంథములును చదివి వచ్చినవారికే తెలియును.